చక్రపు కొలతలు

టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్న నా మేనల్లుడు గత మాసమున నాకొక జాబు వ్రాసెను. అతడచ్చట నొక పాత పికప్ బండిని కొనినాడు. ముందు కూర్చుండుట కొక గది, వెనుక సరకు వేయుటకు మూతలేని తొట్టి, ఇదియే పికప్ బండి యనగా. ఉగాది పండుగకు తెలుగువారి గిన్నెలు, బియ్యపు బస్తాలు, కుర్చీలు చేరవేయు పని ప్రతియేట తనమీదనే పడుచున్నదనియు, అందులకే యా బండిని కొంటిననియు వ్రాసినాడు. దానికిప్పుడున్న టైరులు సన్నముగా నున్నవట. పెద్దవి, వెడల్పైనవి వేయింపవలెనని యతని కోరిక. "మామయ్యా, తాతయ్య బండి చక్రాలు చేసేవారు కదా, మీరేమో చరిత్ర చెప్పేవారు. ఏ సైజు వేయించమంటారు?" అని యడిగినాడు.

నేను బడిపంతులను, యంత్రములు తెలిసినవాడను గాను. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఎందులకు విడువలేదో ముందు మనవి చేసెదను. శ్రోతలు కొంచెము ఓపిక పట్టవలెను.

మా తండ్రి వడ్రంగి. మా వసారాలో ఎప్పుడును ఒక బండి చక్రము సగము పనిలో నుండెడిది. నడుమ నాభి, దానినుండి వెలువడు ఆకులు, ఆకుల కొనలను కలుపు పూటీలు, ఇంతవరకే వడ్రంగి పని. అటుపిమ్మట చక్రము కమ్మరి కొలిమికి పోవును. చక్రము చుట్టుకొలత కంటె ఇనుప పట్టా చుట్టుకొలత కొంచెము తక్కువగా నుండునట్లు కమ్మరి కొలిచి యతుకును. చిన్నతనమున నాకిది వింతగా నుండెడిది. తక్కువైనచో ఎట్లు పట్టును? పిడకల మంటలో కాల్చగా పట్టా సాగును. ఎఱ్ఱగా నున్నపుడే పట్టుకారులతో నెత్తి చక్రముమీద వేసి, సుత్తెలతో కూర్చి, కడవలతో నీరు గుమ్మరింతురు. చల్లారుచు పట్టా బిగియును. పూటీల సందులన్నియు మూసికొనిపోవును. కొలత సరిగా నున్నచో ఆ చక్రము ఏండ్ల తరబడి నడచును. పట్టా కొలత మఱీ తక్కువైనచో ఆకులు వంగును. ఎక్కువైనచో ఎండకాలమున కొయ్య యెండి పట్టా వదులై దారిలో ఊడిపోవును. ఈ యినుప పట్టాకే ఇంగ్లీషువారు మొదట టైరను పేరు పెట్టిరి. రబ్బరు వచ్చుటకు ఎన్నో వందల యేండ్లకు పూర్వమే ఆ మాట పుట్టినది. కాబట్టి మా తండ్రి కాలమునుండియు టైరు సైజు ప్రశ్న మా యింట నుండినదే యని చెప్పవచ్చును.

వెడల్పు టైరుమీది మోజు కూడ నేటిది గాదు. 1753వ సంవత్సరమున బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసెను. సుంకపు బాటలమీద నడచు పెద్ద సరకు బండ్ల చక్రములు 9 అంగుళముల వెడల్పునకు తక్కువ కారాదని అందలి నియమము. సన్నని చక్రము నాగలివలె బాటను దున్నునని పాలకుల బాధ. వెడల్పైన చక్రము రోడ్డునకు మంచిదే, గుఱ్ఱమునకు భారము. బాట బాగు కోరువానికి ఒక కొలత, బండి తోలువానికి మఱియొక కొలత. ఈ తగవు నేటికిని తీరలేదు.

1839లో చార్లెస్ గుడియర్ రబ్బరును గంధకముతో కలిపి కాచి, ఎండకు కరగక చలికి పెళుసుకాక నిలుచునట్లు చేసెను. 1845లో స్కాట్లండు వాడైన రాబర్టు విలియం థామ్సన్ గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను. గుఱ్ఱపు బండ్లకు వాటిని తొడిగి లండనులోని రీజెంట్స్ పార్కులో నడిపి చూపెను కూడ. లోకము దానిని మఱచినది. నలువదేండ్లు గడచినవి. బెల్ఫాస్టు పట్టణమున పశువైద్యుడగు జాన్ బాయిడ్ డన్లప్ తన కుమారుని మూడుచక్రముల బండి గతుకులలో నెగిరిపడుట చూడలేక రబ్బరు గొట్టమున గాలి నింపి చక్రములకు చుట్టి, 1888లో పేటెంటు పొందెను. పాత పేటెంటు బయటపడుటచే అది చెల్లకపోయినది. కాని పేరు మాత్రము నిలిచినది. ఇట్టి సంగతులు చరిత్రలో పెక్కు గలవు. ఫ్రాన్సున మిషెలిన్ సోదరులు ఊడదీసి మరమ్మతు చేయదగిన టైరును 1891లో సైకిళ్లకు తెచ్చి, 1895లో పారిసునుండి బోర్డోకు పోయి వచ్చు పందెమున మోటారుకారుకు గాలి టైరులు వేసి నడిపిరి. దారిపొడవున అవి పంక్చరగుచునే యుండెను. గెలుపు దక్కలేదు, అయినను గాలిమీద మోటారు నడచునని తేలిపోయినది.

ఇంక నా మేనల్లుని యూరికి వచ్చెదను. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908లో మోడల్-టి యను కారును విడుదల చేసెను. దాని ముందు చక్రములకు 30×3, వెనుక చక్రములకు 30×3½ అను టైరులు. ఈ యంకెల యర్థమేమి? మొదటిది టైరు బయటి వ్యాసము, అంగుళములలో. రెండవది టైరు లావు. లోపలి రిమ్ము కొలతను ఎవరును చెప్పరు, కొనువాడే లెక్కకట్టుకొనవలెను. 30లోనుండి రెండువైపుల 3 అంగుళముల లావు తీసివేసినచో ముందు రిమ్ము 24 అంగుళములు; వెనుకది 23. బయటినుండి చూచువానికి నాలుగు చక్రములు ఒక్కటే యెత్తు. కాని ముందు టైరు వెనుక పట్టదు, వెనుకది ముందు పట్టదు. పాపము, ఆ కారు గల రైతు రెండు రకముల టైరులు, రెండు రకముల ట్యూబులు వెంట మోసికొని పోవలసి వచ్చెడిది.

అప్పుడే నేర్పరులు ఒక యుపాయము కనిపెట్టిరి. 31×4 అను టైరును అదే 23 అంగుళముల రిమ్మునకు తొడుగవచ్చును. 31లో 8 పోగా 23 గదా! బరువు మోయువారు దానిని కొని వెనుక చక్రములకు వేసికొనిరి. రిమ్ము మార్చకుండ టైరు పెంచుట యను పని, నా మేనల్లుడు నేడు చేయదలచినది, నూరేండ్లకు పూర్వమే యిట్లు జరిగినది.

మాటవరుసకు ఇక్కడ ఒక సంగతి. మనవారు అదనపు చక్రమును స్టెప్నీ యందురు. పల్లెటూరి డ్రైవరు కూడ ఈ మాటయే వాడును. ఇది వేల్సు దేశమున లానెల్లి పట్టణములోని యొక వీధి పేరు. మొదటి కార్లకు అదనపు చక్రమే లేదు. 1904లో ఆ వీధిలోని డేవిస్ సోదరులు ఆకులు లేని యొక రిమ్మునకు టైరు తొడిగి, చెడిన చక్రము ప్రక్కన బిగించుకొని యిల్లు చేరు సాధనమును చేసి అమ్మిరి. ఆ వీధిని ఎన్నడును చూడని కోట్లాది జనులు దాని పేరును నోట నిలుపుకొన్నారు.

1925లో ఫోర్డు కంపెనీ తన కర్మాగారమునందే తొట్టి బిగించి, 281 డాలర్లకు పికప్ బండిని అమ్మసాగెను. అంతకుముందు కారు వెనుక భాగమును కోసి రైతులే స్వయముగా తొట్టి కట్టుకొనెడివారు. మొదటి యేడే 30,000కు పైగా అమ్ముడుపోయినవి. కుటుంబమును మోయుటకు పుట్టిన చక్రములమీద బస్తాలు ఎక్కినవి. మన కథకు చిక్కు ఇక్కడ మొదలగుచున్నది.

బరువును మోయునది రబ్బరు కాదు, గాలి. ఈ మాట నాకును చాలకాలము తెలియదు. ఒక టైరుమీద 1,000 పౌనుల బరువున్నదనుకొందము. అందులో చదరపు అంగుళమునకు 60 పౌనుల గాలి యున్నచో ఆ టైరు సుమారు 17 చదరపు అంగుళముల మేర నేలను తాకును. గాలిని 30కి దించినచో సుమారు 33 అంగుళముల మేర పరచుకొనును. మోడల్-టి సన్న టైరులకు 60 పౌనుల వంతున గాలి కొట్టవలసి వచ్చెడిది; అంత గాలి లేనిచో టైరు అంచు రిమ్ము కొక్కెమునుండి జారిపోవును. అందుచే ఆ బండ్లు రాతిమీద రాయి దొర్లినట్లు నడిచెడివి. 1923లో ఫైర్‌స్టోన్ కంపెనీ బెలూన్ టైరును తెచ్చినది. లావు ఎక్కువ, గాలి తక్కువ, సుఖము ఎక్కువ. 1925 నాటికి ఫోర్డు బండ్లకును కోరినవారికి 21 అంగుళముల రిమ్ముమీద 4.40 అంగుళముల లావు టైరు దొరికెను.

అంకెలు వ్రాయు పద్ధతి ఇక్కడ తలక్రిందులైనది. బయటి వ్యాసమును విడిచి, టైరు లావును, రిమ్ము వ్యాసమును చెప్పసాగిరి. రిమ్ము ఏటేట చిన్నదైనది. ఫోర్డు బండ్లలో 1928న 21 అంగుళములు, 1930న 19, 1932న 18, 1933న 17, 1935న 16. ఏడేండ్లలో అయిదు అంగుళములు తగ్గినవి. టైరు మాత్రము 4.50 నుండి 6.00కు లావెక్కినది. నేటి కుఱ్ఱవారు ఇందుకు విరుద్ధముగా రిమ్మును పెంచి టైరు ప్రక్కగోడను పలుచన చేయుచున్నారు. వారి తాతలు డబ్బిచ్చి వదలించుకొన్న కుదుపును మనుమలు డబ్బిచ్చి మరల కొనుచున్నారని నాకు తోచును. చూపు కందము కావచ్చును, కాదనను.

ఆ 6.00-16 కొలతకు రెండవ ప్రపంచయుద్ధము గొప్ప ప్రచారము తెచ్చినది. సైన్యపు జీపు చక్రములకు అదియే కొలత. 1942లో మలయా రబ్బరు తోటలు జపానువారి చేజిక్కగా, అమెరికాలో మొట్టమొదట రేషనులోనికి వచ్చిన వస్తువు చక్కెర కాదు, పెట్రోలు కాదు, టైరు. రబ్బరు అరుగకుండుటకై దేశమంతట గంటకు 35 మైళ్లకు మించి నడుపరాదని ఆనతి వెలువడినది. యుద్ధానంతరము మన దేశముననే జీపుల కూర్పు సాగుటచే ఆ కొలత మన జిల్లాల బాటలకును సుపరిచితమైనది.

1946లో మిషెలిన్ కంపెనీ రేడియల్ టైరునకు పేటెంటు కోరి, 1949లో దానిని విపణిలో నుంచినది. లోపలి దారములు అంచునుండి అంచునకు అడ్డముగా పోవును. పైని ఉక్కు తీగల పట్టీలు చుట్టును. మా తండ్రి చక్రమునకు కమ్మరి బిగించిన పట్టా, రబ్బరు లోపల మరల పుట్టినట్లే. అమెరికనులు దీనిని స్వీకరించుటకు 1970 దాటవలసి వచ్చినది. అప్పుడే 235/75R15 వంటి అంకెలు వచ్చినవి. 235 అనగా టైరు వెడల్పు మిల్లీమీటరులలో. 75 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు. R అనగా రేడియల్. 15 రిమ్ము వ్యాసము అంగుళములలో. ఒకే మాటలో మిల్లీమీటరు, అంగుళము, వాటి నడుమ నూటి వంతు. ఇంతకంటె వికారపు సమాసము ఏ వ్యాకరణమునందును కానరాదు.

ఈ కొలతయే ఒక పెద్ద విషాదమునకు సాక్షి. ఫోర్డు, ఫైర్‌స్టోన్ సంస్థల స్నేహము పాతది. 1906లో హెన్రీ ఫోర్డు 2,000 జతల టైరులకు హార్వీ ఫైర్‌స్టోన్‌కు ఆర్డరిచ్చెను. పిమ్మట వారిద్దరు ఎడిసనుతో కలిసి అడవులలో గుడారములు వేసికొని విహరించిరి. 1947లో ఫోర్డు మనుమడు ఫైర్‌స్టోన్ మనుమరాలిని వివాహమాడెను. 1990లో ఫోర్డు కంపెనీ తన రేంజర్ పికప్ బండి చట్రము నాధారముగా గొని ఎక్స్‌ప్లోరర్ అను ఎత్తైన కుటుంబపు బండిని తెచ్చినది. దాని టైరులు ఫైర్‌స్టోన్‌వి. వానిలో పెక్కింటి కొలత 235/75R15. టైరులో 26 పౌనుల గాలి చాలునని ఫోర్డువారు వ్రాసిరి. కొన్నేండ్లకు టెక్సాసు, ఆరిజోనా, ఫ్లారిడా వంటి వేడి రాష్ట్రములలో, వేసవిలో, వేగముగా పోవుచున్న బండ్ల టైరుల పైపొర ఒక్కసారిగా చీలిపోయి, బండ్లు పొర్లసాగినవి. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైరులను వెనుకకు పిలిచినది. ప్రభుత్వపు లెక్కలో మృతులు 270కి పైగా తేలిరి. గాలి 30 ఉండవలసినదని టైరువారు, టైరే చెడ్డదని బండివారు వాదించుకొనిరి. ప్రభుత్వ పరిశోధకులు ఉక్కు పట్టీల అంచుల మధ్యనుండు రబ్బరులోని లోపమునే ముఖ్యముగా తప్పుపట్టిరి. 2001 మే నెలలో ఆ నూరేండ్ల స్నేహము తెగిపోయినది. ఆ కోలాహలమునుండి పుట్టిన 2000 నవంబరు చట్టము వలననే, నేడు అమెరికాలో ప్రతి క్రొత్త బండియు గాలి తగ్గినచో దీపము వెలిగించి హెచ్చరించుచున్నది.

ఈ వృత్తాంతమును చదివిన నాడు నేను పుస్తకము మూసి చాలసేపు కూర్చుంటిని. కారణము చెప్పెదను. 18 ఏండ్ల క్రిందట మా అమ్మాయిని కాపురమునకు పంపునపుడు సామాను చేరవేయుటకు ఒక పికప్ బండిని కిరాయికి మాటాడితిని. మంచము, బీరువా, గిన్నెలు ఎక్కిన తరువాత పది బియ్యపు బస్తాలు మిగిలినవి. డ్రైవరు వెనుక టైరును కాలితో తట్టి చూచి, "ఇంక వద్దు మాస్టారూ, టైరు కూర్చుండిపోయింది. గాలి కొట్టించుకుని రేపు ఇంకో ట్రిప్పు వేద్దాం" అన్నాడు. రెండవ కిరాయి మిగులునని నేను పట్టుపట్టి వేయించితిని. అది మే నెల. మధ్యాహ్నము రెండు గంటల వేళ వెనుక టైరు పేలి బండి కాలువ గట్టుమీద ప్రక్కకు పడిపోయినది. నాకు మోచేయి గీచుకొనినది. అతని కుడికాలు విరిగినది. వైద్యము చేయించితిని గాని ఆ కాలు మరల సరికాలేదు. అతడు నేటికిని కుంటుచు నడుచును. నన్ను చూచినపుడు మాత్రము ఎప్పటివలెనే నమస్కరించును.

టైరు ఎందుకు పేలునో అప్పుడు నేనెరుగను. 29 అంగుళముల టైరు ఒక మైలునకు సుమారు 700 మారులు తిరుగును. తిరిగిన ప్రతిమారు నేలను తాకు చోట ప్రక్కగోడ నలిగి మరల లేచును. ఇనుప తీగను అటునిటు వంచినచో వేడెక్కుట మనమెరుగుదుము. గాలి తక్కువైన కొలది, బరువు హెచ్చిన కొలది ఆ నలుగుట హెచ్చును; వేడి హెచ్చును; రబ్బరునకు దారమునకు గల బంధము వదులును. వేసవి ఎండ దానికి తోడగును.

ఇంక నా మేనల్లుని లెక్క. అతని బండి తలుపు ప్రక్కన అతికిన చీటిమీద 235/75R15 అని యున్నది. 235లో నూటికి 75 వంతులు 176 మిల్లీమీటరులు, రెండువైపులకు 352, రిమ్ము 381, మొత్తము 733, అనగా సుమారు 29 అంగుళములు. అతడు కోరునది 31×10.50R15. ఇది పాత మోడల్-టి పద్ధతి. బయటి వ్యాసమే ముందు చెప్పుదురు. టైరు నూటికి 7 వంతులు పెరిగినది. కావున బండిలోని ముల్లు 60 మైళ్లు చూపునపుడు నిజముగా 64 మైళ్లు పోవుచుండును. ఇంజను లాగు బలము నేలకు చేరుసరికి అంత మేరకు తగ్గును. బ్రేకు ఆపవలసిన చక్రము పెద్దదగును. చక్రము పూర్తిగా త్రిప్పినపుడు లోపలి అంచు చట్రమునకు రాచుకొనవచ్చును. వానలో పలుచని నీటిమీద వెడల్పు టైరు తేలిపోవుటయు గలదు. ఇసుకలో బురదలో అదే వెడల్పు మేలు చేయును. అతని దారి ఇసుకయా, సిమెంటు రోడ్డా? జాబులో లేదు.

టైరు ముందు పి యను నక్షరమున్నచో అది కారు టైరు. దానిని పికప్ బండికి వేసినచో దానిమీద వ్రాసిన బరువును 1.10తో భాగించి తగ్గించుకొనవలెనని అమెరికా నిబంధన. ఎల్‌టి యని యున్నచో అది సరకు బండి టైరు. అందులో సి తరగతికి 50 పౌనులు, డి తరగతికి 65, ఇ తరగతికి 80 పౌనుల గాలి పట్టినప్పుడే వ్రాసిన బరువును మోయును. 80 పౌనుల టైరు కొని 35 పౌనుల గాలి కొట్టి, టైరు గట్టిది గదా యని బస్తాలు వేయువాడు గాలికి కాక పేరునకు డబ్బు పెట్టినవాడగుచున్నాడు.

ఇంతయు వ్రాసి, పంపుటకు ముందు మా డ్రైవరునకు చూపుదమని వెళ్లితిని. అతడిప్పుడు బండి నడపుట మాని బస్టాండు ప్రక్కన గాలి కొట్టు దుకాణము పెట్టినాడు. జాబును చదివి వినిపించితిని. 31 అంగుళముల సంగతికి అతడు తల యూపలేదు, అడ్డును చెప్పలేదు. చేతిలోని గేజిని గుడ్డతో తుడుచుచు, "బరువెంత వేస్తాడండీ? వెనక చక్రాల్లో గాలెంత పెడుతున్నాడు?" అని రెండే ప్రశ్నలు వేసినాడు. జాబును మరల మొదటినుండి చూచితిని. ఆ రెండును మా వాడు వ్రాయలేదు. అవి తెలిపి వ్రాయుమని ఆ సాయంకాలమే అతనికి కబురంపితిని. పండుగ సామానుతో నిండిన తొట్టిని ఒకమారు తూకపు కాటామీద నిలిపి చూడుమని గూడ చేర్చితిని.